మా వదిన తుడిచిన తలుపులు

మా అన్నయ్య వాళ్ళ వంటగదిలో అలమర తలుపులు చూసినవాళ్ళు ఇప్పటికీ నన్నే మెచ్చుకుంటారు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళు, సత్తెనపల్లి బస్టాండులో ఎదురైనవాళ్ళు, "ఆ తలుపులకు రంగు వేసింది మీరేగా" అని అడుగుతారు. చాలా ఏళ్ళు ఆ మాటకు నవ్వి ఊరుకున్నాను. ఆ పని నాది కాదు, మా వదినది. అది జరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని చూసింది నేనొక్కణ్ణే. కాబట్టి ఎలా జరిగిందో, నేను నోరు మూసుకోవటం వల్ల ఏమైందో చెప్పాల్సింది కూడా నేనే.

తొంభైల చివర్లో నాకు సత్తెనపల్లిలో చిన్న రంగుల కొట్టు ఉండేది. సున్నం, డిస్టెంపరు, ఎనామిల్ డబ్బాలు, వార్నిష్, బ్రష్షులు అమ్మేవాణ్ణి. కొట్టు వెనక గదుల్లోనే మా కాపురం. మా వరసలో కొట్లకు శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున్నే మోపెడ్ మీద మా ఊరు పోయేవాణ్ణి. అక్కడ అన్నయ్య పత్తి, మిరప వేసేవాడు. వదిన చేతి అన్నం తిని, ఆవిడ చేత నాలుగు మాటలు పడి, సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి.

మా వదినది గట్టి గొంతు. పెరట్లో మాట్లాడితే వీధిలో వినపడేది. పుట్టిల్లు దాచేపల్లి వైపు. నాపరాళ్ళ మధ్య పెరిగింది కాబట్టే మాట అంత గట్టిదని అన్నయ్య ఎగతాళి చేసేవాడు. "ఆ రాళ్ళ మీదే కదా మీరిప్పుడు నడుస్తున్నది" అనేది ఆవిడ, వరండాలో పరిచిన నాపరాళ్ళు చూపించి.

అన్నయ్య డాబా వేసినప్పుడు వదిన వాళ్ళ నాన్న తన పొలం గట్టు మీద వేపచెట్టు కొట్టించి, మిల్లులో కోయించి, వంటగదికి అలమర తలుపులు చేయించాడు. వడ్రంగిని తన ఇంట్లోనే పెట్టుకుని, పక్కన కూర్చుని చెక్కించాడట. ప్రతి తలుపు మధ్యలో పలక కాస్త పైకి లేచి ఉంటుంది. దాని మీద ఒక తామరపువ్వు, చుట్టూ ఆకుల తీగ. ట్రాక్టరులో గడ్డి పరిచి, తలుపులకూ తలుపులకూ మధ్య దుప్పట్లు పెట్టి తెచ్చాడు. ఆ తర్వాత ఆయన మంచాన పడ్డాడు. మళ్ళీ మా ఊరు రాలేదు. అవి ఆయన తన చేత్తో దించి వెళ్ళిన చివరి సారె.

అవి వచ్చిన చాలా ఏళ్ళకు నేను వాటిని బాగుచేద్దామని చూసేసరికి పువ్వు లేదు, తీగ లేదు. కిరోసిన్ స్టవ్వు పొగ, తాలింపు ఘాటు, కారం వేయించిన నూనె జిడ్డు కలిసి నల్లటి తోలులా పట్టేసింది. వేలితో గీకితే గోట్లో మైనంలా వచ్చేది. పక్కింటివాళ్ళు అప్పుడే వంటగదికి సన్‌మైకా తలుపులు పెట్టించారు. తెల్లగా, నున్నగా, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే మెరిసేవి. అన్నయ్య వాటిని చూసొచ్చాడు.

"పత్తి అమ్మగానే ఈ మసి తలుపులు పీకేయిస్తా" అన్నాడు ఒక శుక్రవారం భోజనాల దగ్గర.

వదిన చేతిలో గరిటె ఆగింది. "పీకేసి?"

"పొయ్యిలోకి. వేపచెక్క బాగా మండుద్ది."

ఆవిడ మామూలుగా ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు ఊరుకుంది. నాకు పెరుగు వడ్డిస్తూ మాత్రం, "నీ కొట్లో అన్ని డబ్బాలున్నాయి గదయ్యా మరిదీ, వీటిని బతికించే డబ్బా ఒక్కటి లేదా?" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

డబ్బా ఉంది. అంతకుముందు నెలలోనే ఒక రంగుల కంపెనీవాళ్ళు గుంటూరులో ఒక హాల్లో కొట్లవాళ్ళందర్నీ పిలిచి భోజనం పెట్టారు. భోజనానికి ముందు ఒకతను బల్ల మీద చెక్కుడు పని ఉన్న చిన్న తలుపు నిలబెట్టాడు. దానికి ముందే మీగడ రంగు వేసి ఉంది. దాని మీద పల్చటి గోధుమరంగు ద్రవం ఒకటి బ్రష్షుతో పూసేశాడు. మంచి తలుపు పాడుచేశాడేంటని మేం గొణుక్కున్నాం. అతను గుడ్డ తీసుకుని తుడిచాడు. పైపైన రంగంతా గుడ్డకు వచ్చేసి, చెక్కిన గీతల్లో మాత్రం నిలిచిపోయింది. ఎవరో లోపల్నుంచి దీపం పెట్టినట్టు పువ్వు బయటికొచ్చింది. దీన్ని గ్లేజు అంటారని చెప్పాడు. ఆరటానికి టైము తీసుకునే రంగు, వేయటం కంటే తీయటంలోనే పని ఉంటుందని కూడా చెప్పాడు. ఆ చివరి మాట నేను సరిగ్గా వినలేదు. భోజనాలు మొదలయ్యాయి.

ఆ సంగతి చెప్పి, నేను బాగుచేస్తానంటే అన్నయ్య ఒప్పుకున్నాడు. "పత్తి అమ్ముకుని గుంటూరు నుంచి వచ్చేదాకా నీకు టైము. బాగుపడితే ఉంచుతా. లేకపోతే నా మాటే."

కడగటానికే మూడు నాలుగు వారాలు పట్టింది. తలుపులు బందులు ఊడదీసి పెరటి వరండాలో ఆనించాం. వదిన మరిగే నీళ్ళలో బట్టల సోడా వేసి కొబ్బరి పీచుతో రుద్దింది. నల్లటి నీళ్ళు కాలవలోకి పారుతుంటే దార్లో పోయేవాళ్ళు, ఏం వండి పారబోస్తున్నావమ్మా అని అడిగేవాళ్ళు. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి ఒక తలుపు మీద ఆకు కనపడింది. ఆకుకు ఈనెలు కూడా ఉన్నాయి. అంత సన్నటి ఈనెలు చెక్కించాడని ఆవిడక్కూడా గుర్తు లేదు.

"మా నాన్న కంటిచూపు అప్పటికే తగ్గిందయ్యా. వేలితో తడిమి చూసుకునేవాడు, ఈనె వచ్చిందా లేదా అని" అంది. చెప్పి, మళ్ళీ పీచు తీసుకుని రుద్దటం మొదలుపెట్టింది.

గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, మీగడ రంగు ఎనామిల్ రెండు కోట్లు వేశాను. అంతవరకు నా పనే. అది బాగానే చేశాను. కానీ రంగు ఆరాక చూస్తే తలుపుల్లో ప్రాణం లేదు. పువ్వు, ఆకు, పలక అన్నీ ఒకే తెలుపు.

"ఆసుపత్రి తలుపుల్లా ఉన్నాయేంది?" అంది వదిన. "లోపల్నుంచి నర్సు వస్తదేమో."

"ఇంకా అవలేదు వదినా. అసలు పని ముందుంది. చూస్తావుగా."

సంక్రాంతి దాటిన తర్వాత శుక్రవారం అది. అన్నయ్య పత్తి బోరాలు లారీకెత్తించి ముందురోజే గుంటూరు పోయాడు. ధర చూసుకుని ఒకటి రెండు వారాల్లో వస్తానన్నాడు. ఒక్క లారీలో పట్టక మిగిలిన పత్తి ముందుగదిలో నడుము ఎత్తున పోసి ఉంది. నేను కొట్లోంచి తెచ్చిన స్టెయినరు అనే చిక్కటి గోధుమరంగు, అవిసెనూనె, టర్పెంటైనూ కలిపి గ్లేజు చేశాను. మధ్యాహ్నం భోజనం చేసి, ఎండ బాగా ఉన్నప్పుడైతే త్వరగా ఆరుతుందని వరండా చివర ఎండలో ఒక చిన్న తలుపు పెట్టుకుని కూర్చున్నాను. పూశాను. తుడవటానికి గుడ్డ కావాలి. గుడ్డ ఎందుకు, ఇంటి నిండా పత్తి ఉండగా? ముందుగదిలోకి పోయి రెండు గుప్పిళ్ళు తెచ్చి, గింజ తీసి, ఉండ చేసి తుడిచాను.

పత్తి పండించే ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ ఆ పని చేయరు. మాకు పత్తి అంటే తుడవటానికి, దీపానికి, దెబ్బ తగిలితే అద్దటానికి, అన్నిటికీ చేతికందే వస్తువు. ఎండకు గ్లేజు అప్పటికే జిగురు పట్టింది. ఉండ తగలగానే పోగులు వదిలేసింది. తలుపంతా ముసలివాడి గడ్డంలా తెల్లటి నూలు అంటుకుంది. పోగులు తీద్దామని రుద్దితే గీతల్లో రంగు కూడా పీల్చేసింది. రుద్దినకొద్దీ పువ్వు మాయమై, పలకంతా పేడనీళ్ళు చల్లినట్టు చారలు చారలుగా అయింది.

వదిన గుమ్మంలో నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"ఏమయ్యా, తలుపుకు మీసాలు మొలిచినయ్" అంది.

మిగతా తలుపులన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. ఇదే డబ్బా, ఇదే చెయ్యి. అన్నయ్య వచ్చేసరికి ఇవన్నీ ఇలాగే ఉంటాయని నాకు అర్థమైంది. ఆవిడకూ అర్థమైంది. వచ్చి నా పక్కన గొంతుకూర్చుని పాడైన తలుపు మీద వేలు పెట్టింది. వేలు ఎత్తి, అంటుకున్న రంగును బొటనవేలితో నలిపి చూసింది.

"దీన్ని పూయటమెందుకు, తుడవటమెందుకు?"

"గీతల్లో ఉండాలి వదినా. పైన పోవాలి."

"అంటే గడపకు పసుపు రాసినట్టేగా" అంది.

నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని లేపి వీధి గుమ్మం దగ్గరికి తీసుకుపోయింది. మా గడప మీద కూడా పువ్వులు చెక్కి ఉంటాయి. పొద్దున్నే పసుపు రాసిన గడపే. నేను దాన్ని ఏళ్ళ తరబడి దాటుతున్నాను, వంగి చూసింది ఆ రోజే. అందరి ఇళ్ళలోలాగా పసుపు ముద్దగా లేదు. చెక్కుడు గీతల్లో చిక్కటి పసుపు, పైన పల్చటి ఛాయ. ఒక్కో రేక వేరుగా కనపడుతోంది.

"పూసింది పూసినట్టు వదిలేస్తే ఎండి రాలిపోద్ది. తొక్కి ఇల్లంతా పసుపు చేస్తారు మీరు. అందుకని పూసి, నీరు లాగేదాకా ఆగి, మెత్తటి గుడ్డతో పైపైన తీసేస్తా. మా అమ్మ అట్లాగే చేసేది. గుడ్డ గీతలోకి దిగకూడదు. చేతికి బరువుండకూడదు." నావైపు తిరిగి, "ఎండలో ఎవడన్నా పసుపు రాస్తాడా?" అంది.

తర్వాత శుక్రవారం నేను చీకటి విడకముందే బయల్దేరి వెళ్ళాను. జనవరి మంచు. పెరట్లో ఆవిడ అప్పటికే నీళ్ళు చల్లింది, దుమ్ము, పత్తి నూలు లేవకుండా. ముందుగది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ దోపింది. ఒడిలో పాత మంగళగిరి చీర ఒకటి ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికిందో, అంచు జరీ ఊడిపోయి, బట్ట వెన్నలా అయింది. ఒక్క పోగు కూడా ఊడని బట్ట కావాలంటే ఊడాల్సిన పోగులన్నీ ఊడిపోయిన బట్టే కావాలని చెప్పి, దాన్ని అరచేతి వెడల్పున చింపింది.

నా వంతు పూయటం. పూశాను. మీగడ రంగు తలుపు మళ్ళీ మసి తలుపైంది. నేను గుడ్డ అందుకోబోతే చేతి మీద కొట్టింది.

"ఆగు."

ఆగాం. మంచులో గ్లేజు ఆరటం లేదు. తడిగా మెరుస్తోంది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం తలుపుకు దగ్గరగా పెట్టి, పక్క నుంచి చూస్తోంది. మెరుపు పోయి కొంచెం మందగించగానే గుడ్డను అరచేతికి చుట్టుకుంది. వేళ్ళు వాడలేదు. మణికట్టు వైపు అరచేతితో పలక మీద పై నుంచి కిందికి, చెక్క నార ఎటు పోతే అటు, ఒక్క ఊపున తీసింది.

నేను అప్పటికి ఎన్నో ఇళ్ళకు రంగులు వేయించాను. రంగు వేస్తే ఉన్నది కప్పబడుతుందని నాకు తెలుసు. లోపల ఉన్నది బయటికి రావటం ఆ రోజే చూశాను. ఆవిడ చెయ్యి వెళ్ళిన దారిలో పలక తెల్లబడింది. తామర రేకుల చుట్టూ గోధుమరంగు గీతలు సన్నగా నిలబడ్డాయి, ఎక్కడా తెగకుండా. గుడ్డ తిప్పి, ఇంకో శుభ్రమైన మడత తీసుకుని తీగ మీదికి వెళ్ళింది. అక్కడ దాదాపు తాకలేదు. నిద్రపోయే పిల్ల నుదుటి మీద వెంట్రుకలు తీసినట్టు తీసింది. ఆకుల ఈనెలు ఒక్కొక్కటే తేలాయి. చూపు తగ్గిన కళ్ళతో ఒక ముసలాయన తడిమి చూసుకున్న ఈనెలు అవి. చెక్కినవాడు ఉలి ఎక్కడ కొంచెం లోతుగా దించాడో, ఎక్కడ చెయ్యి వణికి పక్కకు జరిగిందో అది కూడా తెలిసిపోయింది. మూలల్లో మాత్రం కొంచెం రంగు వదిలేసింది. ఎందుకని అడిగితే, "మూలల్లో నీడ ఉంటదిగా" అంది.

తలుపును గోడకు ఆనించి ఇద్దరం వెనక్కి జరిగాం. పొద్దు పొడుస్తోంది. పక్కవాటుగా వెలుతురు పడేసరికి పువ్వు పలకలోంచి లేచినట్టయింది. నేను అమ్ముకునే డబ్బాలో ఇది ఉందని నాకు తెలియదు. ఆవిడ కొంగుతో కళ్ళు కాదు, ముక్కు తుడుచుకుంది. టర్పెంటైను వాసన పడలేదేమో. కాసేపటికి, "రెండోది పుయ్యి, చూస్తా కూర్చుంటే తెల్లారిపోద్ది" అంది.

ఎండ ఎక్కేలోపు అన్నీ అయిపోయాయి. ఆవిడ చేతికి అలుపు రాలేదు, తొందరా రాలేదు. నేను ఊపిరి గట్టిగా పీల్చటానికి కూడా భయపడ్డాను. దూది అంటుకున్న మొదటి తలుపు ఒక్కటి మిగిలింది. గీకి మళ్ళీ రంగు వేస్తానన్నాను.

"ఉండనియ్యి" అంది. "మరిది చేతి పని మా ఇంట్లో గుర్తుగా ఉండొద్దా?" అన్నీ ఆరాక, నవ్వుతూ నూలుతో సహా దానికీ వార్నిష్ కొట్టించింది. ఆ మధ్యే వచ్చిన గ్యాస్ సిలిండరు పెట్టే చోట, నేలకు ఆనుకుని ఉండే తలుపు అది. సిలిండరు అడ్డం ఉంటే ఎవరికీ కనపడదు.

వదిన తుడిచిన తలుపుల్ని ఆ పూట ఆరటానికి వంటగదిలో గోడకు ఆనించాం. అన్నయ్య ఆ మధ్యాహ్నమే దిగాడు. వదిన తలస్నానం చేసి పూజగదిలో ఉంది. నేను పెరట్లో డబ్బాలు కడుగుతున్నాను. చేతులు మోచేతుల దాకా గోధుమరంగు. ఆయన వంటగదిలోకి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏరా, ఇంత పని ఉందా నీ చేతిలో? నేను నిన్ను పనికిమాలినోడివనుకున్నానే ఇన్నాళ్ళూ."

మా అన్నయ్య నన్ను అలా మెచ్చుకోవటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. నేను చదువు సగంలో మానేసి కొట్టు పెట్టినప్పుడు నాతో మాట్లాడటం మానేసిన మనిషి ఆయన. "ఆఁ, ఏదో..." అన్నాను. అంతే అన్నాను. వదినది అని చెప్పటానికి ఎంతసేపు పడుతుంది? పూజగదిలో గంట ఆగిపోయింది. ఆవిడ విన్నదని తెలుసు. బయటికొచ్చి హారతి పళ్ళెం మా ఇద్దరి ముందూ పెట్టి, "మీ తమ్ముడు కదండీ మరి" అంది. తలుపులు దక్కాయి. ఆ రోజుకు ఆవిడకు అదే చాలనుకుంటాను. నేనూ అలాగే అనుకుని సర్దుకున్నాను.

అక్కడితో అయిపోతే ఇది రాయాల్సిన అవసరం లేదు. తలుపులు చూడటానికి ఊళ్ళోవాళ్ళు వచ్చారు, పక్క ఊళ్ళవాళ్ళు వచ్చారు. మంగళగిరిలో చీరల వ్యాపారం చేసే అన్నయ్య స్నేహితుడు ఒకాయన వచ్చి, కొత్త ఇంట్లో పూజగది తలుపులకు ఇదే పని కావాలన్నాడు. ఆయన వెళ్ళాక భోజనాలకు కూర్చున్నాం. వదిన వడ్డిస్తూ, మామూలుగా అన్నట్టే, "నేను కూడా వెళ్తానండీ మరిదితో. తుడిచే పని నేను చేస్తా" అంది.

అన్నయ్య గట్టిగా నవ్వాడు. "నువ్వా? తుడవటమంటే ఇల్లు తుడవటం అనుకున్నావా? వాడి పని వాణ్ణి చేసుకోనియ్యవే. చెడగొడతావు."

ఆవిడ నావైపు చూసింది. గరిటె పట్టుకుని, కదలకుండా, నేను తలెత్తుతానేమోనని చూసింది. నేను గోంగూరలో అన్నం కలుపుకుంటూ ఉన్నాను. కలిపిందే మళ్ళీ కలిపాను.

"ఇంకొంచెం నెయ్యి వెయ్యనా?" అని అడిగింది చివరికి. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మంగళగిరి పని నేను ఇద్దరు పెయింటర్లతో చేయించాను. చీర గుడ్డ తీసుకెళ్ళాను, పొద్దున్నే మొదలుపెట్టాను, మెరుపు మందగించేదాకా ఆగాను. అన్నీ ఆవిడ చెప్పినట్టే చేశాను. తలుపులు వచ్చాయి గానీ బురదలో ఆడిన పిల్లల్లా వచ్చాయి. ఇంటాయన మర్యాదస్తుడు. "మీ ఇంట్లో ఉన్నట్టు రాలేదండి" అని మాత్రం అన్నాడు. చెక్క తేడా అని చెప్పాను. ఆ తర్వాత ఎవరడిగినా కుదరదనేవాణ్ణి. కుదరదన్నకొద్దీ నా పేరు పెరిగింది.

ప్రతి శుక్రవారం ఆ వంటగదిలో కూర్చుని తిన్నాను. ఏళ్ళు గడిచినకొద్దీ వార్నిష్ కొంచెం తేనెరంగు తిరిగి, తలుపులు ఇంకా బాగున్నాయి. పొద్దున పడమటి గోడ మీది తలుపుల్లో పువ్వులు కళ్ళు తెరిచినట్టుండేవి. నేను చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి, చూస్తే అన్నం సయించేది కాదు.

పదేళ్ళకు అన్నయ్య పెద్దకొడుకు పెళ్ళి కుదిరింది. అన్నయ్య ఇల్లంతా మార్పించాలనుకున్నాడు. వంటగది కొలతలకు గుంటూరు నుంచి మాడ్యులర్ కిచెన్ అతను వచ్చాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. అతను టేపు పెట్టి కొలుస్తూ, "ఈ తలుపులేం చేస్తారు సార్?" అన్నాడు.

అన్నయ్య నావైపు తిరిగాడు. ఆయన గొంతులో నిజమైన ప్రేమ ఉంది. "పారేయటానికి మనసొప్పదురా. నీ చేతి పని. నువ్వే తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టించుకో. నీవే గదా."

వదిన పొయ్యి దగ్గర ఉంది. కాఫీకి పాలు పొంగుతున్నాయి. ఆవిడ మంట తగ్గించలేదు. పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. వాళ్ళ నాన్న చెట్టు, ఆయన తడిమిన ఆకు, ఆవిడ తేల్చిన ఈనె, అన్నీ కలిపి నాకు ఇచ్చేస్తున్నారు, నేను పదేళ్ళ కింద మింగేసిన ఒక్క మాట మీద.

"నావి కావన్నయ్యా" అన్నాను.

"మీ ఇంట్లో చోటు లేదా?"

"అది కాదు. చేసింది నేను కాదు. వదిన. నేను పూశాను, అంతే. పూయటం ఎవరైనా చేస్తారు. నువ్వు ఆ రోజు అడిగినప్పుడు చెప్పలేదు. తను మంగళగిరి వస్తానన్నప్పుడూ చెప్పలేదు."

కొలతల అతను టేపు చుట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. అన్నయ్య నన్ను చూశాడు, తలుపుల్ని చూశాడు, వదిన వైపు తిరిగాడు.

"ఏమే, నిజమా? మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాగా ఒకసారి. నవ్వారు." ఆవిడ పొయ్యి ఆపి, పాలు తుడిచి, కిందికి వంగింది. సిలిండరును పక్కకు దొర్లించి ఆ తలుపు చూపించింది. "మీ తమ్ముడి పని ఇదీ. పదేళ్ళుగా ఇక్కడే ఉంది. వంగి చూస్తే కనపడేదే."

అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. చారలు చారల రంగులో, వార్నిష్ కింద, పత్తి నూలు నిక్షేపంగా ఉంది. ఒక చోట గింజ తునక కూడా ఉంది.

"పత్తితో తుడిచావా రా?"

"అవును."

"మన పత్తితో?"

వదిన నవ్వింది. చాలా రోజులకు ఆ నవ్వు విన్నాను, వీధిలోకి వినపడే నవ్వు. నవ్వు ఆపి అంది, "నా తలుపులు నా ఇంట్లోనే ఉంటయ్. మీరు ఎవర్నన్నా పెట్టి ఏదన్నా కట్టించుకోండి, తలుపులు ఇవే బిగించాలి. ఈ మీసాల తలుపు మాత్రం మరిది పట్టుకెళ్ళొచ్చు."

పట్టుకొచ్చాను. ఇప్పుడు అది మా వంటగదిలో పప్పుల డబ్బాలకు తలుపు. అది తీసేసరికి అక్కడ ఒకటి తక్కువైంది. అన్నయ్య వేపచెక్క తెప్పించి, మిగతావాటిలాగే కొత్త తలుపు చెక్కించాడు. నేను మీగడ రంగు వేసి ఆరబెట్టాను. చలికాలం వచ్చేదాకా ఆగుదామని వదిన అంది. ఆగాం.

ఆ పొద్దున పెరట్లో ముగ్గురం ఉన్నాం. నీళ్ళు చల్లి ఉంది. నేను పూసి పక్కకు తప్పుకున్నాను. వదినకు మోకాళ్ళ నొప్పులు, పీట మీద కూర్చుంది. ఇంకో పాత చీర చింపి అరచేతికి చుట్టుకుంది. అన్నయ్య కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఇంకా తుడవలేదేంటని అడగబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మెరుపు మందగించింది. ఆవిడ చెయ్యి ఒక్క ఊపున పై నుంచి కిందికి దిగింది.

తామరపువ్వు లేచింది. అన్నయ్య నోరు కొంచెం తెరుచుకుంది. ఆయన ముఖం నాకు బాగా తెలుసు, ఆ ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు. కాఫీ మీద మీగడ కట్టింది, తాగటం మర్చిపోయాడు. ఇంకా దగ్గరగా చూద్దామని ఒక అడుగు ముందుకేసి వంగాడు.

"ఏవండీ, నీడ పడుతోంది" అంది వదిన, తలెత్తకుండా. "కాస్త పక్కకు జరగండి."

అన్నయ్య జరిగాడు.